శిఖరానికి దారి ఊళ్లోంచే: విశాఖ నుంచి పేరు వినని కొండలెక్కడం ఎలా

కొత్తవలస దాటి శృంగవరపుకోట వైపు వెళ్తుంటే ఎదురుగా నీలంగా ఒక గోడ లేస్తుంది. ఆ గోడలో మనకు పేరు తెలిసిన కొండలు వేళ్ల మీద లెక్కపెట్టేన్ని. కింద గూడెంలో పశువులు కాసే పిల్లవాణ్ని అడిగితే మాత్రం ఈ గట్టు పేరేంటో, ఆ బండ పేరేంటో, ఏ గెడ్డ, అంటే వాగు, ఎక్కడ పుడుతుందో గడగడా చెప్తాడు. పదేళ్లుగా సెలవు దొరికినప్పుడల్లా నేను ఈ కొండల్లో తిరుగుతున్నాను. మొదట్లో మ్యాపు పట్టుకుని నేరుగా శిఖరం మీదికి గురి పెట్టేవాణ్ని. సగం సార్లు తుప్పల్లో చిక్కుకుని వెనక్కొచ్చాను. తర్వాత అర్థమైంది, ప్రతి కొండకీ కింద ఒక ఊరుంటుంది, పైకి వెళ్లే బాట ఆ ఊరి వాళ్ల కాళ్ల కింద తయారైనదే. కట్టెలకో, తేనెకో, పశువులకో, పోడుకో, పైనున్న అమ్మవారికి మొక్కు చెల్లించడానికో వాళ్లు నడవబట్టే అది నిలిచింది. ఆ బాట దొరికితే కొండ సగం ఎక్కినట్టే. ఈ మార్గదర్శి అంతా దాన్ని ఎలా దొరకబుచ్చుకోవాలో, దాని మీద ఎలా నడవాలో చెప్పడానికే.

ముందు ఈ కొండల తీరు తెలుసుకోండి

విశాఖ నుంచి ఒకటి రెండు రోజుల్లో వెళ్లి రాగల ఎత్తైన శిఖరాలు తూర్పు కనుమల్లో మూడు చోట్ల ఉన్నాయి. అనంతగిరి వైపు గాలికొండ, సుమారు 1,643 మీటర్లు. పాడేరు ప్రాంతంలో అర్మకొండ, 1,680 మీటర్లు. దీన్నే సీతమ్మకొండ అనీ, జిందగడ అనీ అంటారు, రాష్ట్రంలో ఎత్తైన శిఖరంగా చెప్పేది దీన్నే. ఒడిశా సరిహద్దు దాటితే కోరాపుట్ జిల్లాలో దేవమాలి, 1,672 మీటర్లు. వీటి చుట్టూ 1,000 నుంచి 1,500 మీటర్ల మధ్య ఎత్తున్న గట్లు చాలా ఉన్నాయి. నేను ఎక్కువగా ఎక్కేవి అవే.

ఎత్తు వల్ల ఊపిరాడకపోవడం లాంటిది ఇక్కడ ఉండదు. మనల్ని ఆపేవి వేరే ఉన్నాయి. ఉక్కపోత, నడుము దాకా పెరిగే గడ్డి, ముళ్ల తుప్పలు, పొగమంచు, పైన నీళ్లు దొరక్కపోవడం. కాళ్ల కింద రాయి సంగతి కూడా తెలిసి ఉండాలి. ఈ ప్రాంతంలో ఎక్కువగా ఉండేది ఖోండలైట్. ఇక్కడి ఖోండ్ ఆదివాసుల పేరు మీదే దానికి ఆ పేరొచ్చింది. వానకీ ఎండకీ త్వరగా చివికి పెళుసెక్కే రాయి అది. చేత్తో పట్టుకుంటే పెచ్చులుగా ఊడి రావచ్చు, అందుకే దాన్ని నమ్ముకుని బరువంతా వేలాడదీయకండి. చార్నొకైట్ బండలు గట్టివి, కానీ తడిస్తే నున్నగా జారతాయి. ఇక చాలా కొండల నెత్తిన ఎర్రటి లేటరైట్ పొర ఉంటుంది. బాక్సైట్ ఉండేది అందులోనే. ఆ పొర వల్ల శిఖరాలు మొనదేలి ఉండవు, గడ్డి మైదానంలా బల్లపరుపుగా ఉంటాయి. ఎక్కినవాడికి అదో హాయి. కానీ మంచు కమ్మితే ఆ మైదానంలో మీరు ఎటునుంచి వచ్చారో గుర్తుపట్టలేరు. దిగే దారి తప్పడం ఎక్కువగా జరిగేది అక్కడే.

ఊరి కొండల మీద కాళ్లు కుదర్చుకోండి

ఏజెన్సీకి, అంటే గిరిజన కొండ ప్రాంతానికి, వెళ్లే ముందు నెల రోజులు విశాఖలోనే సాధన చేయండి. అడివివరం నుంచి సింహాచలం మెట్లు వెయ్యికి పైనే. కొండ కింద మొదటి మెట్టు, తొలిపావంచా దగ్గర మొదలుపెట్టి, వీపున ఆరు కిలోల బరువుతో ఆగకుండా ఎక్కి చూడండి. మాధవధార వైపు నుంచి కొండ మీదుగా సింహాచలానికి వెళ్లే పాత మెట్ల దారి ఇంకా మంచి సాధన, అక్కడ మెట్లు ఒక తీరుగా ఉండవు. ఇలా రెండు దార్లూ కలిపి చేసిన మర్నాడు మోకాళ్లు నొప్పి లేకుండా మామూలుగా తిరగగలిగితే మీరు సిద్ధమైనట్టే.

కంబాలకొండ అభయారణ్యంలో టికెట్ తీసుకుని ఎకో పార్కులోంచి గుర్తించిన బాటల్లో మాత్రమే నడవాలి. తొట్లకొండ, బావికొండ, భీమిలి దగ్గర పావురాలకొండ చిన్నవే, బౌద్ధ శిథిలాలు ఉన్నవి. పిల్లల్ని తీసుకెళ్లి మొదటి పాఠం చెప్పడానికి బాగుంటాయి. యారాడ, డాల్ఫిన్స్ నోస్ వైపు మాత్రం సొంత దారులు వెతక్కండి. అక్కడ చాలా భాగం నౌకాదళానిది. కంచె కనబడకపోయినా నిషేధిత ప్రాంతంలోకి అడుగుపెట్టొచ్చు, కెమెరా చేతిలో ఉంటే ఇంకా ఇబ్బంది.

మ్యాపు మీద కొండను చదవడం

ఫోన్‌లో ఉపగ్రహ చిత్రం చూసి దారి వేసుకునేవాళ్లు చాలామంది. ఆ చిత్రంలో పచ్చగా కనిపించేదంతా ఒకేలా ఉంటుంది, అది కాఫీ తోటా, వెదురు పొదా, నిలువెత్తు గడ్డా తెలియదు. అందుకే సర్వే ఆఫ్ ఇండియా వారి 1:50,000 టోపో షీటు దగ్గర పెట్టుకోండి. వాళ్ల వెబ్‌సైటులో నమోదు చేసుకుంటే దింపుకోవచ్చు. పాత లెక్కలో అరకు, అనంతగిరి, పాడేరు ప్రాంతాలు 65 జె కిందికి వస్తాయి, కొత్త షీట్లకు నంబర్లు వేరుగా ఉంటాయి.

ఆ షీటులో నేను ఈ వరసలో చూస్తాను.

మొదట ఎత్తు గీతలు, అంటే ఒకే ఎత్తున్న చోట్లను కలిపే గీతలు. రెండు గీతల మధ్య 20 మీటర్ల ఎత్తు తేడా, ప్రతి ఐదో గీతా లావుగా ఉంటుంది. షీటు మీద ఒక సెంటీమీటరు నేల మీద 500 మీటర్లు. ఆ సెంటీమీటరులో పది గీతలు దగ్గర దగ్గరగా ఉన్నాయంటే 500 మీటర్ల దూరంలో 200 మీటర్లు ఎక్కాలి. గడ్డి పట్టుకుని పాకే వాలు అది, అటు పోకండి. అదే సెంటీమీటరులో నాలుగైదు గీతలే ఉన్న వైపు వెతకండి.

రెండోది, గట్టు వెన్ను. గీతలు శిఖరం నుంచి బయటికి నాలుకలా సాగి ఉంటే అది వెన్ను. లోపలికి, శిఖరం వైపు మడతపడి ఉంటే అది గెడ్డ. వెన్ను మీద నడక దాదాపు ఎప్పుడూ మంచిది. గాలి తగులుతుంది, చుట్టూ కనిపిస్తుంది, వాన పడినా నీళ్లు కాళ్ల కిందకి చేరవు. గెడ్డ దారి నీడగా, సులువుగా కనిపించి ఆశ పెడుతుంది, పైకి వెళ్లేకొద్దీ బండలూ జలపాతాలూ అడ్డొస్తాయి.

మూడోది, మెడ. రెండు శిఖరాల మధ్య పల్లంగా ఉండే చోటు. ఒక లోయ నుంచి ఇంకో లోయకి సంతకు వెళ్లే పాత కాలిబాటలు ఈ మెడల మీదుగానే దాటతాయి. షీటు మీద చుక్కల గీత మెడ దాకా వెళ్లి ఉంటే మీకు సగం దారి దొరికినట్టే. ఆ షీట్లు పాతవి కావచ్చు, ఆ బాట ఇప్పుడు తారు రోడ్డు అయ్యుండొచ్చు, లేదా ఎవరూ నడవక మూసుకుపోయి ఉండొచ్చు. అది ఊళ్లో అడిగే తెలుసుకోవాలి.

నాలుగోది, శిఖరం మీద త్రికోణం గుర్తూ, పక్కన ఎత్తూ ఉన్నాయా అని. పాత సర్వే వాళ్లు అక్కడికి ఎక్కి కొలత తీశారన్నమాట. వాళ్లు ఎక్కిన వైపు ఎప్పుడో ఒక దారి ఉండే ఉంటుంది. అలాగే రిజర్వు ఫారెస్టు హద్దు ఎక్కడ మొదలవుతుందో చూసుకోండి. అనుమతి ఎవర్ని అడగాలో చెప్పేది ఆ గీతే.

చివరగా సమయం లెక్క. స్కాట్లాండుకు చెందిన నైస్మిత్ 1892లో చెప్పిన సూత్రం ఒకటుంది. నడకకు గంటకు 5 కిలోమీటర్లు, దాని మీద ప్రతి 600 మీటర్ల ఎక్కుడుకు ఇంకో గంట. ఆరు కిలోమీటర్ల దూరం, 600 మీటర్ల ఎత్తు అయితే రెండు గంటల పన్నెండు నిమిషాలు. అది చల్లటి దేశంలో, గడ్డి కొండల మీద సరిపోయే లెక్క. మన ఉక్కకీ, తుప్పలకీ నేను దాన్ని రెట్టింపు చేస్తాను. అంటే నాలుగున్నర గంటలు. ఇంతవరకు ఈ రెట్టింపు లెక్క నన్ను మోసం చేయలేదు.

అనుమతి, హక్కు: ఎవరి నేల మీద నడుస్తున్నాం

కొండ అంటే ఎవరిదీ కాని జాగా అనే భావన మనలో చాలామందికి ఉంది. ఏజెన్సీలో అది తప్పు. షెడ్యూల్డ్ ప్రాంతంలో భూమి గిరిజనేతరుల చేతికి పోకుండా 1/70 చట్టం ఉంది. అనంతగిరి మండలంలో గనుల లీజుల మీద మొదలైన సమత కేసులో, షెడ్యూల్డ్ ప్రాంతాల్లోని భూమిని గిరిజనేతరులకు గనుల కోసం లీజుకివ్వకూడదని సుప్రీంకోర్టు 1997లో తీర్పు చెప్పింది. మీరు ఎక్కబోయే గాలికొండ లాంటి కొండల కోసం కింద ఊళ్లవాళ్లు ఏళ్ల తరబడి పోరాడారు. పట్నం నుంచి నలుగురు బ్యాగులతో, జీపీఎస్‌తో దిగి కొండ చుట్టూ తిరుగుతుంటే, రాళ్లు ఏరి చూస్తుంటే, మళ్లీ గనుల సర్వేకి వచ్చారేమోనని వాళ్లకు అనుమానం రావడం సహజం. ఒకసారి ఒక ఊరి పొలిమేరలో మమ్మల్ని గంటసేపు నిలబెట్టి అడిగారు. నాకు కోపం రాలేదు. వాళ్ల చోట నేనున్నా అదే చేస్తాను.

కాబట్టి ఇలా చేయండి. శిఖరం రిజర్వు ఫారెస్టులో ఉంటే ఆ డివిజన్ అటవీ అధికారికి, అంటే డీఎఫ్‌వోకి, రెండు వారాల ముందే అర్జీ పెట్టండి. ఎంతమంది, ఏ తేదీ, ఏ ఊరి నుంచి ఏ ఊరికి, రాత్రి బస ఉందా లేదా, నిప్పు రాజేయబోమనే మాట, అందరి గుర్తింపు కార్డుల నకళ్లు. అనుమతి లేకుండా రిజర్వు ఫారెస్టులోకి వెళ్లడం 1967 నాటి రాష్ట్ర అటవీ చట్టం ప్రకారం నేరం. రేంజి ఆఫీసుకు వెళ్లి మాట్లాడితే పని త్వరగా అవుతుందని నా అనుభవం. అక్కడి బీట్ గార్డుకు తెలిసినంత దారి మ్యాపులో ఉండదు కూడా.

దగ్గరి పోలీసు స్టేషన్లో పేర్లు, ఫోన్ నంబర్లు రాసి ఇచ్చి వెళ్లండి. ఆంధ్రా ఒడిశా సరిహద్దు కొండల్లో మావోయిస్టుల వల్ల, గంజాయి వల్ల ఏళ్లుగా నిఘా ఉంది. కొత్త మనుషుల్ని ఆపి అడుగుతారు. ముందే చెప్పి ఉంటే రెండు నిమిషాల్లో వదిలేస్తారు. డ్రోన్ మాత్రం ఇంట్లోనే వదిలి రండి. పోలీసులకీ టెన్షన్, ఊరివాళ్లకీ టెన్షన్.

కాఫీ తోటల గురించి ఒక్క మాట. అనంతగిరి, సుంకరిమెట్ట చుట్టుపక్కల బాటలు చాలావరకు తోటల్లోంచే పోతాయి. నవంబరు నుంచి జనవరి దాకా పళ్లు కోతకొచ్చే రోజులు. కొమ్మలకు భుజాలు రాసుకుంటూ పోతే పండిన పళ్లు రాలిపోతాయి. అడిగి, తోట అంచున ఒక్కొక్కరుగా నడవండి.

ఎప్పుడు వెళ్లాలి

నవంబరు నడిమి నుంచి ఫిబ్రవరి చివరి దాకా. అంతే. జూన్ నుంచి సెప్టెంబరు వరకు గెడ్డలు పొంగుతాయి, జలగలు పడతాయి, గడ్డిలో అడుగు ఎక్కడ వేస్తున్నామో తెలియదు. అక్టోబరు చూడ్డానికి అందంగా ఉంటుంది గానీ అది తుపాన్ల నెల. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖను ఎలా ఊడ్చేసిందో మనందరికీ గుర్తే, కొండల్లోనూ చెట్లు అలాగే కూలాయి. మార్చి తర్వాత ఎండ, ఎండు గడ్డికి నిప్పు భయం. ఏప్రిల్, మే నెలల్లో మధ్యాహ్నం దాటితే పిడుగులు. బల్లపరుపు శిఖరం మీద పిడుగుకు మీకంటే ఎత్తైనది ఏదీ ఉండదు.

నవంబరు చివర్లో వెళ్తే వలిసె పూలు కొండవాలంతా పసుపు పరిచినట్టు ఉంటాయి. ఆ చేలల్లోకి దిగి ఫొటోలు తీసుకోకండి, అది ఒక ఇంటి ఏడాది నూనె గింజల పంట.

చలికాలంలో రోజు చిన్నది. డిసెంబరు మొదట్లో ఐదున్నర లోపే సూర్యుడు దిగిపోతాడు, లోయల్లో ఇంకా ముందే చీకటి. కింద విశాఖలో 20 డిగ్రీలుంటే వెయ్యి మీటర్ల పైన ఆరేడు డిగ్రీలు తక్కువ ఉంటుంది. చెమటతో తడిసిన బట్టల మీద ఆ గాలి తగిలితే వణుకు మొదలవుతుంది. పొడి బనియన్ ఒకటి కవర్లో చుట్టి పెట్టుకోండి.

కొండ కిందికి చేరడం

అనంతగిరి, అరకు వైపు శృంగవరపుకోట, బొడ్డవర, టైడా, డముకు మీదుగా ఘాట్ రోడ్డు. పాడేరు వైపు చోడవరం, మాడుగుల మీదుగా ఇంకో ఘాట్. రెండూ విశాఖ నుంచి 110 నుంచి 120 కిలోమీటర్ల మధ్యే. విశాఖ ఆర్టీసీ కాంప్లెక్స్ నుంచి రెండు వైపులకీ బస్సులున్నాయి. కిరండూల్ ప్యాసింజర్ ప్రయాణం కన్నుల పండుగే గానీ అరకు చేరేసరికి పొద్దెక్కిపోతుంది. కొండెక్కేవాళ్లకు అది ముందురోజు చేరుకోవడానికే పనికొస్తుంది.

నా పద్ధతి ఇదీ. శనివారం మధ్యాహ్నానికి మండల కేంద్రానికి చేరతాను. అక్కడి నుంచి షేర్ జీపులోనో ఆటోలోనో కొండ కింద ఊరికి సాయంత్రంలోగా వెళ్తాను. ఆ రాత్రి దగ్గర్లో బస, ఆదివారం తెల్లవారుజామున నడక. విశాఖలో అర్ధరాత్రి బయల్దేరి, ఘాట్ రోడ్డు మీద చీకట్లో బండి నడిపి, నిద్ర లేకుండా నేరుగా ఎక్కేవాళ్లను చూస్తుంటాను. పాడేరు దగ్గర, తెల్లవారుజామున మేఘాలు చూడ్డానికి జనం ఎక్కే వంజంగి కొండ వల్ల ఈ అలవాటు పెరిగింది. మేఘాల కోసం ఆ మలుపుల్లో మంచులో బండి నడపడం కొండెక్కడం కంటే ప్రమాదం.

బొర్రా దగ్గర కటికి జలపాతం వైపు వెళ్లేవాళ్లు రైలు పట్టాల మీదుగా నడుస్తుంటారు. ఆ లైన్లో సొరంగాలున్నాయి, ఇనుప ఖనిజం గూడ్సులు ఎప్పుడైనా వస్తాయి, సొరంగంలో పక్కకు తప్పుకునే జాగా ఉండదు. రైల్వే చట్టం ప్రకారమూ శిక్ష ఉంది. ఎవరు ఎంత చెప్పినా ఆ దారి పట్టకండి.

ఊళ్లో మొదటి గంట

ఈ మార్గదర్శిలో ఒక్క భాగమే చదువుతానంటే ఇది చదవండి.

ఊరి మొదట్లోనే బండి ఆపి దిగి నడవండి. కనిపించిన పెద్దాయనకు నమస్కారం పెట్టి, "బాబాయ్, విశాఖపట్నం నుంచి వచ్చాం, ఆ కొండ చూద్దామని. ఎవరిని అడగమంటారు?" అనండి. ఆయన ఎవరి పేరు చెప్తే వాళ్లింటికి వెళ్లండి. ఊరి పెద్ద పొలంలో ఉంటే ఆయన వచ్చేదాకా కూర్చోండి. ఆ కూర్చున్న సమయంలోనే మీకు కావాల్సిన సంగతులన్నీ వినబడతాయి. చాలా ఊళ్లలో ఇళ్లలో మాట్లాడుకునేది కువి గానీ, ఆదివాసీ ఒడియా గానీ అయ్యుంటుంది. చదువుకునే పిల్లలు తెలుగు బాగా మాట్లాడతారు.

అడిగేటప్పుడు "దారి ఉందా?" అని అడగకండి. మీ మనసు నొప్పించడం ఇష్టం లేక ఉంది అనేస్తారు. "ఈ ఏడాది మీలో ఎవరైనా పైకి వెళ్లారా? ఎందుకు వెళ్లారు? ఎంత పొద్దున బయల్దేరారు? మళ్లీ ఎప్పటికి వచ్చారు?" అని అడగండి. ఆ జవాబుల్లో అసలు దారి ఉంటుంది. వాళ్లు రెండు గంటలంటే మనకు నాలుగు గంటలని రాసుకోండి. నీళ్లు చివరగా ఎక్కడ దొరుకుతాయి, ఏ గెడ్డ ఈ నెలలో ఎండిపోయింది, ఎలుగుబంటి ఏ వైపు కనబడింది, బండ మీద తేనెపట్లు ఏ వైపున్నాయి, ఇవీ అడగండి. పెద్ద తేనెటీగలు లేస్తే పరుగు తప్ప మార్గం లేదు. ఆ వైపు పోతే సెంటు, పొగ, అరుపులు వద్దు.

అన్నిటికంటే ముఖ్యంగా, పైన వెళ్లకూడని చోటు ఏదైనా ఉందా అని అడగండి. అమ్మవారి రాయి, పూజ చేసే చెట్టు, చెప్పులతో తొక్కని నేల ఉండొచ్చు. కొన్ని కొండల మీద చివరి బండ ఎక్కవద్దంటారు. అప్పుడు దాని కింద ఆగిపోవాలి. నేను రెండు కొండల మీద అలా ఆగాను. ఆ రెండూ ఎక్కిన కొండల లెక్కలోనే ఉన్నాయి నాకు. చైత్రంలో ఇటుకల పండుగ రోజుల్లో ఊళ్లకు ఊళ్లే వేటకు, ఆటపాటలకు సిద్ధమవుతాయి. దారికి అడ్డంగా కర్ర కట్టి వచ్చేపోయే బళ్లను ఆపి కానుక అడుగుతారు. సంతోషంగా ఇచ్చి వెళ్లండి, కొండ పని మాత్రం ఆ రోజుల్లో పెట్టుకోకండి.

దారి చూపడానికి ఊరి మనిషిని ఒకరిని తప్పక తీసుకెళ్లండి. ఆయన ఆ రోజు కూలి వదులుకుని మీతో వస్తాడు. ఊళ్లో రోజు కూలి ఎంతో కనుక్కుని దానికి తగ్గకుండా, వీలైతే రెట్టింపు, బయల్దేరక ముందే మాట్లాడుకోండి. మీ తిండిలో ఆయనకూ భాగం ఉండాలి. చాలామంది చోడి (రాగి) అంబలి సొరకాయ బుర్రలోనో సీసాలోనో తెచ్చుకుంటారు. పోస్తే తాగండి, ఎండలో దాన్ని మించిన బలం లేదు.

ఎక్కడం, వెనక్కి తిరగడం

ఆరింటికి మొదటి అడుగు పడాలి. పోడు చేల అంచున, తర్వాత పశువుల బాట మీద, తర్వాత వెన్ను మీద. చాలా కొండల మీద వరస ఇలాగే ఉంటుంది. పశువుల బాటలు అడ్డంగా చీలిపోతుంటాయి, అన్నీ మేత దగ్గర ఆగిపోతాయి. చీలిక వచ్చినప్పుడల్లా ఆగి వెనక్కి తిరిగి చూడండి. దిగేటప్పుడు మీకు కనిపించబోయేది ఆ దృశ్యమే. అక్కడ ఒక ఫొటో తీసి పెట్టుకోండి. ఫోన్‌లో ఆఫ్‌లైన్ మ్యాపు, నడిచిన దారి రికార్డు పెట్టండి, ఫ్లైట్ మోడ్‌లో ఉంచితే బ్యాటరీ నిలుస్తుంది.

మనిషికి నాలుగు లీటర్ల నీళ్లు. ఇది బేరం లేని లెక్క. సగం అయిపోయేసరికి శిఖరం చేరకపోతే తిరగండి. ఉప్పు కలిపిన మజ్జిగ, వేరుశనగ ఉండలు, అరటిపళ్లు నాకు సరిపోతాయి. నిండు చేతుల చొక్కా, లావు ప్యాంటు, పట్టున్న బూట్లు, చేతికర్ర. కర్రతో ముందు గడ్డిని తట్టుకుంటూ పోతే పాములు పక్కకు తప్పుకుంటాయి. ఈ కొండల్లో నాగు, కట్లపాము, రక్తపింజరితో పాటు గిరినాగు కూడా ఉంది. అది కనబడితే చంపే ప్రయత్నం చేయకండి, దూరంగా ఆగి వెళ్లనివ్వండి.

ఎన్ని గంటలకు వెనక్కి తిరగాలో ముందుగానే నిర్ణయించుకోవాలి. నాది పదకొండున్నర. ఆ సమయానికి శిఖరం పది నిమిషాల దూరంలో ఉన్నా తిరుగుతాను. దీని వెనక ఒక రోజుంది. అనంతగిరి వైపు ఒక గట్టు మీద, వెంట ఊరి మనిషి లేకుండా, నేనూ ఇద్దరు స్నేహితులూ ఒంటిగంటన్నరకు పైకి చేరాం. పైన మంచు కమ్మింది. వచ్చిన వెన్ను అనుకుని పక్క వెన్ను పట్టాం. గంటన్నర దిగాక కాళ్ల ముందు గెడ్డ, అది యాభై అడుగుల బండ మీదినుంచి కిందకి దూకుతోంది. మళ్లీ ఎక్కే బలం లేదు, నీళ్లు లేవు. కింద దీపాలు కనిపిస్తున్నాయి, చేరే దారి లేదు. టార్చి వెలుగు చూసి ఊళ్లోంచి ఒక తాత, ఇద్దరు కుర్రాళ్లు పైకి వచ్చారు. రాత్రి పదింటికి వాళ్లింట్లో అన్నం తిన్నాం. ఆ తాత తిట్టలేదు. "మాకు చెప్పి ఎక్కుంటే పక్క బాట చూపెట్టేవాళ్లం కదా నాయనా" అన్నాడు.

దారి తప్పామని అనిపించగానే చేయాల్సింది ఆగడం. చివరగా కచ్చితంగా తెలిసిన చోటికి, ఎంత బాధైనా, మళ్లీ ఎక్కి వెళ్లాలి. గెడ్డ వెంట దిగితే ఊరొస్తుందనే మాట ఈ కొండల్లో నమ్మొద్దు. మేము దిగిన గెడ్డ లాంటివే చాలా ఉన్నాయి.

ఏదైనా జరిగితే

పైన సిగ్నల్ ఉండదని అనుకునే వెళ్లండి. ఇంట్లో ఒకరికి కాగితం మీద రాసి ఇవ్వండి. ఏ కొండ, ఏ ఊరు, ఎన్ని గంటలకు కిందికి రావాలి, ఆ గంట దాటితే ఎవరికి ఫోన్ చేయాలి అని.

పాము కరిస్తే కోయడం, గట్టిగా కట్టడం, నోటితో పీల్చడం చేయకండి. ఉంగరాలు, గడియారం తీసేసి, ఆ కాలు కదలకుండా కర్రతో వదులుగా కట్టి, మనిషిని మోసుకురావాలి. నడిపించకూడదు. ఏజెన్సీలో రోడ్డు లేని ఊళ్లవాళ్లు రోగుల్ని డోలీలో మోస్తారు. ఒక దుప్పటి, రెండు బలమైన కర్రలతో డోలీ కట్టడం బయల్దేరే ముందు మీ ఊరి మనిషి దగ్గర నేర్చుకోండి. రోడ్డు చేరగానే 108, అక్కడినుంచి అరకు లేదా పాడేరు ప్రభుత్వ ఆసుపత్రి.

ఇంటికొచ్చాక రెండు మూడు వారాల్లోపు జ్వరం వస్తే డాక్టరుతో "ఏజెన్సీ కొండలకు వెళ్లొచ్చాను" అని చెప్పండి. మలేరియా ఉండొచ్చు, గడ్డిలోని చిన్న పురుగుల వల్ల వచ్చే స్క్రబ్ టైఫస్ ఉండొచ్చు. ఒంటి మీద, ముఖ్యంగా చంకల్లో, నడుము దగ్గర కాలిన మచ్చలాంటి నల్లటి పొక్కు ఉందేమో చూసుకోండి. త్వరగా కనిపెడితే రెండూ మందులతో తగ్గేవే.

మొదటి ఏడాదికి ఒక వరస

ముందు గాలికొండ వైపు వెళ్లండి. ఘాట్ రోడ్డే చాలా ఎత్తుకు తీసుకెళ్తుంది, వ్యూ పాయింట్ నుంచి ఇంకా ఎక్కాల్సింది కొన్ని వందల మీటర్లే. కాఫీ తోటల అంచు, అనుమతి, ఊరి మనిషి, మంచు కమ్మే బల్లపరుపు నెత్తి, పైన చెప్పినవన్నీ ఒకే రోజులో చిన్న మోతాదులో ఎదురవుతాయి. తర్వాత అరకు చుట్టూ రక్తకొండ, సుంకరిమెట్ట వరసల్లో పేరు వినని గట్టు ఏదైనా మ్యాపు మీద మీరే ఎంచుకుని, ఊళ్లో అడిగి ఎక్కండి. అర్మకొండను రెండో ఏడాదికి ఉంచుకోండి. ఒక రాత్రి పాడేరు వైపు బస చేసి, రెండో రోజంతా దానికే కేటాయించాలి.

దేవమాలికి దాదాపు పై దాకా రోడ్డుంది. విశాఖ నుంచి సాలూరు, సుంకి, పొట్టంగి మీదుగా వెళ్లొచ్చు. నడకగా దాన్ని నేను పెద్దగా ఇష్టపడను గానీ, తెల్లవారుజామున దాని మీద నిలబడితే మన వైపు గట్లన్నీ ఒకదాని వెనక ఒకటి వరుసగా కనిపిస్తాయి. తర్వాత ఏది ఎక్కాలో అక్కడ నిలబడి ఎంచుకోవచ్చు. వంజంగిని ఈ వరసలో పెట్టలేదు. అక్కడ ఇప్పుడు దారి వెతకాల్సిన పని లేదు, వారాంతాల్లో జనం, ప్లాస్టిక్ చూస్తే బాధేస్తుంది. మనం రాసే ప్రతి కొండ పేరుకీ అదే గతి పట్టకూడదని, ఊళ్లవాళ్లు వద్దన్న చోట్ల లొకేషన్ నేను ఎక్కడా పెట్టను. మీరూ పోస్టు పెట్టేముందు ఊరి పెద్దను ఒక మాట అడగండి.

దిగాక నేరుగా బండెక్కి పోకండి. పొద్దున మాట్లాడిన ఇంటికి వెళ్లి అందరం దిగొచ్చామని చెప్పండి, లేకపోతే చీకటి పడ్డాక వాళ్లు మీకోసం టార్చిలు పట్టుకుని కొండెక్కుతారు. మీ చెత్తంతా మీ బ్యాగులోనే విశాఖకు రావాలి. పైన ఏ బాట మూసుకుపోయింది, ఏ గెడ్డలో నీళ్లున్నాయి, ఎక్కడ చెట్టు పడింది, చూసినది వాళ్లకు చెప్పండి. వాళ్ల పశువులు మళ్లీ పైకి వెళ్లేది ఆ బాట మీదే.